తోలుబొమ్మ నుంచి చెవికమ్మకు

అనంతపురం అనగానే పత్రికలవాళ్లకు బీటలువారిన చేను ఫొటోయే గుర్తొస్తుంది. మా ముఖచిత్రం మీద ఈసారి చెవికమ్మలున్నాయి.

ఈ జిల్లాలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగను నమ్ముకున్న ఇంటికి ఇక్కడ ఇంకో ఆదాయం ఉండి తీరాలి. 1969లో ఇక్కడికి వచ్చిన ఫాదర్ ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), వైకల్యమున్న మహిళలకు చేతిపనులు నేర్పి, వాళ్లు చేసిన నగలకూ జనపనార సంచులకూ స్పెయిన్‌లో కొనుగోలుదారులను చూపింది.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కథ వేరు. తోలుబొమ్మలాట చూసేవాళ్లు తగ్గిపోయాక, మేకతోలును పలచగా గీకి, సన్నటి చిల్లులు కొట్టి, రంగులద్దే పనితనం ల్యాంప్ షేడ్లకూ కమ్మలకూ మళ్లింది. రాముడి కిరీటంలో మెరిసిన చిల్లులే ఇప్పుడు చెవి దగ్గర వెలుతురును వడకడుతున్నాయి! ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది.

ఇలాంటి వస్తువుల మీద న్యాయ వాణిజ్యం (ఫెయిర్ ట్రేడ్) ముద్ర చూసి మురిసిపోవడం తేలికే. దాని నియమాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఒకటుంది: చేతిపనివాళ్లు అడిగితే, వాళ్ల దగ్గర కొనే వ్యాపారులు కనీసం సగం సొమ్ము వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. తోలుకూ రంగులకూ అప్పుచేసే ఇంట్లో, ఆర్నెల్ల తర్వాత వచ్చే మంచి ధరకన్నా ఆ సగమే పెద్ద అండ. కమ్మలు కొనేటప్పుడు దుకాణంవాణ్ని అడ్వాన్సు ఎంతిచ్చావని అడిగి చూడండి.