మనిషికి కాపలా, మాటకు తాళం

మా నంద్యాల, ఆళ్లగడ్డ వైపు గన్‌మెన్ అంటే హోదా. పెళ్లికొచ్చినా చావుకొచ్చినా నాయకుడి వెనుక ఎన్ని తుపాకులున్నాయో చూసి ఆయన బలాన్ని అంచనా వేస్తాం. విత్తనం మొలవలేదని, కాలువ చివరి పొలాలకు నీళ్లు రాలేదని నిలదీసే రైతు ఇంటికీ పోలీసులు వస్తారు. కాకపోతే మంత్రి వచ్చే రోజు తెల్లవారకముందే వస్తారు. "బయటికి రావద్దు, మీ మంచికే చెబుతున్నాం" అంటారు. అర్జీ చేతిలో పట్టుకుని సాయంత్రం దాకా ఇంట్లోనే కూర్చున్న రోజులు మాకున్నాయి.

ఈ రెండు రకాల కాపలా ఒకే మనిషికి దక్కడం 2017లో చూశాం. గొర్రెల కాపరుల ఇంట పుట్టిన ప్రొఫెసర్ కంచ ఐలయ్య ఒక కులం గురించి రాసిన పుస్తకంపై గొడవ రేగింది. సెప్టెంబర్ 23న పరకాలలో ఆయన కారుపై చెప్పులు, రాళ్లు విసిరారు. ఆయన పోలీస్ స్టేషన్‌లో తలదాచుకోవాల్సి వచ్చింది. తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఆయనకు గన్‌మెన్లను ఇచ్చింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టు ఆ పుస్తకాన్ని నిషేధించడానికి నిరాకరించింది. అయినా అదే నెల 28న విజయవాడలో జరగాల్సిన సభకు మన పోలీసులు అనుమతి ఇవ్వలేదు. హైదరాబాద్‌లో ఆయనను ఇల్లు కదలనివ్వలేదు. మనిషిని కాపాడారు, మాటను ఆపేశారు.

ఆ పుస్తకంలోని మాటలన్నీ మాకు సమ్మతం కాదు. మన ఊళ్లో అంగడి నడిపేవాళ్లూ మనవాళ్లే. నొచ్చుకున్నవారు మరో పుస్తకం రాయవచ్చు, పోటీ సభ పెట్టవచ్చు, కోర్టుకు పోవచ్చు. రాయి విసిరే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

శాంతిభద్రతల సమస్య అంటారు. అదే ఏడాది ఆగస్టు 23న నంద్యాల ఉపఎన్నికకు కేంద్ర బలగాలను కూడా దింపి పోలింగ్ జరిపించారు. ఓట్ల కోసం అంత బందోబస్తు పెట్టగలిగినప్పుడు, ఒక్క సభను కాపాడలేరా? గొడవ చేస్తామని బెదిరించేవారికి లొంగి భావప్రకటనను ఆపకూడదని, దాన్ని కాపాడటం ప్రభుత్వ బాధ్యతని సుప్రీంకోర్టు 1989లోనే రంగరాజన్ కేసులో చెప్పింది. రాళ్లు వేసేవాడిని వదిలి మాట్లాడేవాడిని ఆపితే, రేపు రాళ్లు వేసేవాళ్లే పెరుగుతారు.

రైతులందరికీ గన్‌మెన్లు ఇమ్మని మేము అడగడం లేదు. పార్టీని, పదవిని బట్టి కాక, ప్రమాదాన్ని బట్టి రక్షణ ఇవ్వాలి. బెదిరింపుపై ఫిర్యాదు ఇస్తే కేసు పెట్టాలి. సభకు అనుమతి నిరాకరిస్తే కారణం రాసివ్వాలి. అర్జీ ఇవ్వబోయే రైతును ఇంట్లో నిర్బంధించడం మానుకోవాలి.

సభ్యులకు ఒక మాట. ఎవరైనా బెదిరిస్తే రాజీకి పోయి మింగేయకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి, సంఘానికి తెలపండి. స్టేషన్‌కు ఒంటరిగా పోవద్దు, నలుగురం కలిసి పోదాం.