ఇంజను నూనె ఎందుకు నల్లబడుతుంది?

హైదరాబాదు నుంచి నాగార్జునసాగరు వెళ్ళే దారిలో ఇబ్రహీంపట్నం వస్తుంది. అక్కడి పెద్ద చెరువును మీలో కొందరు చూసే వుంటారు. ఆ దారినే ఇంకా ముందుకు పోతే సాగరు జలాశయం, అందులో నాగార్జునకొండకు పోయే లాంచీలు. ఇక హుసేన్‌సాగరులో బుద్ధ విగ్రహం దగ్గిరికి తీసుకుపోయే మోటారు పడవలు సరేసరి. పడవ ఎక్కినవాళ్ళు నీళ్ళను చూస్తారు, కొండలను చూస్తారు. వెనక దడదడలాడే ఇంజనును మాత్రం ఎవరూ చూడరు. ఈ నెల మనం దాన్నే చూద్దాం.

ఇంజనులో సిలిండరు అనే గొట్టం వుంటుంది. దానిలో పిస్టను కిందికీ మీదికీ ఆడుతుంది. ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరిగితే, పిస్టను సెకండుకు 80 సార్లకు పైగా పోయి వస్తుందన్నమాట! మీ రెండు చేతులూ గట్టిగా రుద్దుకోండి. క్షణంలో వేడెక్కుతాయి. చేతులకు కాస్త నూనె రాసుకుని రుద్దితే జారిపోతాయి. ఇంజనులోనూ అంతే. ఇనుముకూ ఇనుముకూ మధ్య పలచని నూనె పొర నిలిచి, ఒకదాన్నొకటి తినెయ్యకుండా కాపాడుతుంది.

నూనెకు ఇంకో పని కూడా వుంది. పెట్రోలు కాలినప్పుడు పుట్టే మసినీ, అరిగిన లోహపు రజనునూ అది తనలో కలుపుకుంటుంది. అందుకే నల్లబడుతుంది. నల్లని నూనెను చూసి “ఇది చెడ్డ నూనె” అనుకోకండి. పాచిపని చేసిన గుడ్డ నల్లగా వుంటే తప్పు గుడ్డది కాదు గదా! కాని ఆ గుడ్డనే ఎంతకాలమని వాడతాం?

పడవ ఇంజను కారు ఇంజనుకంటె ఎక్కువ కష్టపడుతుంది. కారు చదును రోడ్డు మీద సులువుగా దొర్లిపోతుంది. పడవ అట్లా కాదు. అడుగడుగునా నీటిని తోసుకుంటూ పోవాలి. ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్న బండి లాంటిది. అందుచేత 100 గంటల నడకకు ఒకసారి, అంత నడవకపోయినా ఏడాదికి ఒకసారి, నూనె మార్చమని చాలా ఇంజన్ల పుస్తకాలు చెబుతాయి. (కొన్ని పాత రకపు చిన్న ఇంజన్లలో నూనెను పెట్రోలులోనే కలిపి పోస్తారు. అది కాలిపోతుంది గనక, వాటిలో మార్చడమనేదే లేదు.)

పడవ వెనక తగిలించే చిన్న ఇంజనుకైతే ఈ పని పెద్దవాళ్ళు ఇంటి దగ్గిరే చేసుకోవచ్చు. మీరు పానాలూ గుడ్డలూ అందించవచ్చు.

ముందు ఇంజనును కొద్ది నిమిషాలు నడపాలి. వెచ్చబడ్డ నూనె నీళ్ళలా జారుతుంది, అడుగున చేరిన మసిని కూడా వెంట తెస్తుంది. ఐతే ఇక్కడొక చిక్కున్నది. ఈ ఇంజను చెరువు నీటినే పీల్చుకుని చల్లబడుతుంది. నీటిని తోడే పంపులో రబ్బరు రెక్కలుంటాయి. ఒడ్డున నీళ్ళు లేకుండా తిప్పితే అవి కాసేపట్లోనే పాడైపోతాయి. అందుచేత ఇంజను కాలును నీళ్ళతొట్టిలో ముంచి గాని, పైపుతో నీళ్ళు అందించి గాని నడపాలి. ఆ సమయంలో తిరిగే రెక్క దగ్గిరికి మీరు పోరాదు.

తరువాత ఇంజను ఆపి, నిటారుగా నిలిపి, నూనె పోసే మూత తియ్యాలి. గాలి ఆడితేనే నూనె బాగా దిగుతుంది. కింద డబ్బా పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాలి. నూనె పాలు కలిపిన టీ రంగులో వస్తే, లోపలికి నీరు చేరిందని అర్థం. అప్పుడు కొత్త నూనె పోసి ఊరుకోరాదు, మెకానిక్కుకు చూపించాలి.

డబ్బా పెట్టే పని మాత్రం జాగ్రత్తగా చెయ్యాలి. ఎందుకో వినండి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు లండన్ దగ్గిర క్లాపమ్ అనే చోట ఒక చెరువులో చెంచాకు మించకుండా నూనె పోశాడు. అది పరుచుకుంటూ పోయి సుమారు అరెకరం నీటిని అద్దంలా నిశ్చలం చేసింది! ఈ సంగతి 1774లో అచ్చయింది. అరెకరం అంటే సుమారు 2000 చదరపు మీటర్లు. చెంచా 5 మిల్లీలీటర్లు అనుకుని లెక్క వెయ్యండి. అటువంటి పొరలు నాలుగు లక్షలు పేరిస్తేగాని ఒక మిల్లీమీటరు మందం కాదు!

చిన్న ఇంజనులో సుమారు లీటరు నూనె పడుతుంది. అంటే 200 చెంచాలు. ఇంజను నూనె అంత పలచగా పరుచుకోదు గాని, ఎంతో మేర నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు పులమగలదు. నీటికి గాలి అందకుండా అడ్డుపడుతుంది. అందులోని విషాలు చేపలకు తగులుతాయి. ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుంచి 1580 దాకా గోలకొండను పాలించాడు. ఆ చెరువు ఆయన కాలానిది. నాలుగు వందల ఏళ్ళకు పైగా నిలిచిన నీటిలో ఒక డబ్బా కాలితో తన్నితే చాలు!

మన ఊళ్ళలో పాత నూనెను చెదలు పట్టకుండా దూలాలకు పూస్తారు. అదీ మంచిది కాదు. వాడిన నూనెలో చర్మానికి హాని చేసే పదార్థాలుంటాయి. తొడుగులు లేకుండా ముట్టుకోకండి. మూత వున్న డబ్బాలో పోసి, పాత నూనె తీసుకునే వర్కుషాపుకు ఇస్తే, శుద్ధి చేసే కార్ఖానాకు చేరుతుంది.

ఇక బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించి, ఫిల్టరు మార్చి, గరాటుతో కొత్త నూనె పోయాలి. కాసేపు నడిపి ఆపి, నూనె కిందికి దిగాక కొలతపుల్ల తీసి తుడిచి, మళ్ళీ ముంచి చూడాలి. నూనె రెండు గీతల మధ్య నిలవాలి. పై గీత దాటితే నురగ పడుతుంది గనక ఎక్కువ పోయడమూ తప్పే. గీత సరిగా వుందో లేదో చదివే పని మీరు అడిగి పుచ్చుకోండి.