పొద్దున చదివే ప్రతిజ్ఞ

ఒకనాటి సాయంత్రం వేలూరులో ఆఫీసు ముగించుకొని, గుడియాత్తం బస్సులో పళ్ళికొండ చేరి ఇంటికి వచ్చేసరికి, మా చిన్నది పుస్తకాల సంచి కూడా దించకుండా అరుగుమీద కూర్చొని ఉన్నది. ఏడవటం అయిపోయింది, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ‘రేపటినుంచి నేను బడికి పోను నాయనా’ అన్నది.

సంగతి ఏమంటే, ఏడో తరగతి చదువుతున్న ఈ పిల్లచేత ఆనాటి ఉదయం బడిలో ప్రతిజ్ఞ చెప్పించారు. ఇంగ్లీషు ప్రతిజ్ఞ. ఒకటో తరగతినుంచి రోజూ అందరితో కలిసి చదువుతున్నదే. పదిమందితో గొంతు కలిపినప్పుడు గడగడా సాగిపోయే మాటలు, ఒక్కతే మైకు ముందు నిలబడేసరికి మూడో వాక్యం దగ్గర ఆగిపోయినాయి. వెనకనుంచి ఎవరో నవ్వారు. మిగతాది ఉపాధ్యాయినిగారు పూర్తిచేశారు.

మా అమ్మ లోపలినుంచి వచ్చి, ‘ఇంతకూ దాంట్లో ఏముందే పాపా? ఏం చెప్పాలంట?’ అని అడిగింది. మా చిన్నది కొంచెంసేపు ఆలోచించి, ‘తెలీదవ్వా. చెప్పాల, అంతే’ అన్నది.

ఆ మాట ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆరేళ్ళకు పైగా రోజూ చెబుతున్న ఆ కాసిని వాక్యాలకు పిల్లకు అర్థం తెలియదు. అడిగినవారూ లేరు, చెప్పినవారూ లేరు. చెప్పవలసినవారిలో మేమూ ఉన్నాము.

పిల్లలకు ఇంగ్లీషు ఎలా వస్తుందన్న బెంగ మన సంఘ కుటుంబాలన్నిటిలోనూ ఉన్నదే. మన ఇండ్లలో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. 1968 నుంచి మన రాష్ట్రంలో తమిళం, ఇంగ్లీషు అనే రెండు భాషల పద్ధతి నడుస్తున్నది. మా చిన్నది చదివే బడిలో తెలుగు లేదు. దానికి తెలుగు నోటిమాటే గాని అక్షరాలు రావు. ఈ స్థితిలో ఇంగ్లీషుకోసం మేము చేసిన పొరపాటు ఒకటి, తరువాత తెలుసుకొన్నది ఒకటి, రెండూ చదువరుల ముందు పెడుతున్నాము.

ముందు పొరపాటు. అంతకు రెండేళ్ళ కిందట బడినుంచి ఒక చీటీ వచ్చింది. పిల్లలతో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడవలెనని అందులో ఉన్నది. మేము గుమాస్తాలము; పైనుంచి కాగితం వస్తే అమలు జరపటమే అలవాటు. మరునాటినుంచి ఇంట్లో పిల్లతో తెలుగు మాట్లాడరాదని ఉత్తరువు వేశాము. మాకు వచ్చిన ఇంగ్లీషు ఫైళ్ళమీద వ్రాసే ఇంగ్లీషు. పిల్లను అన్నానికి పిలవటానికి కూడా ‘కైండ్లీ’ అనేవాళ్ళము. మా ఇల్లాలు పొయ్యిదగ్గర నిలబడి, వచ్చిన నాలుగు మాటలే తిప్పి తిప్పి వాడేది.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. కనుక ఆ మూడు నెలలూ మనుమరాలితో మాట్లాడటానికే ఆమెకు వీలులేకపోయింది. రాత్రిపూట చెప్పే కథలు ఆగిపోయినాయి. పోనీ, పిల్లకు ఇంగ్లీషు వచ్చిందా అంటే అదీ లేదు, మాట్లాడటమే తగ్గించింది. ఏది అడిగినా ‘ఎస్’ అనో ‘నో’ అనో తేల్చేసి పుస్తకం ముందు కూర్చునేది. చివరకు ఒకనాడు మా అమ్మ, ‘ఒరే, నా కాలం అయ్యేదాకా నన్ను మూగదాన్లా ఉండమంటే ఉంటాను. బిడ్డ ఎందుకురా మూగదవాల?’ అన్నది. ఆనాటితో ఆ ఉత్తరువు రద్దయింది. కాని దాని బదులు ఏమి చేయవలెనో మాకు తోచలేదు. ప్రతిజ్ఞ దగ్గర పిల్ల ఆగిపోయిన సాయంత్రంవరకూ అలాగే గడిచింది.

మరునాడు ఆదివారం. ప్రతిజ్ఞను ముందు పెట్టుకొని, ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పాము. మా అమ్మ పక్కన కూర్చొని వింటున్నది. దేశంలోని వారందరూ తోబుట్టువులని చెప్పే చోట, ‘దీనికా ఇంత ఏడ్చావు? ఇది రోజూ మనం అనుకునేదే గదా!’ అన్నది. పిల్లకు నవ్వు వచ్చింది.

ఆ ప్రతిజ్ఞ పుట్టింది తెలుగులోనే. దానిని వ్రాసినవారు నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. ఆయన కవిసమ్మేళనాలలో పేరు మోగినవారు కారు. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో దానిని వ్రాశారు. 1963లో విశాఖపట్నంలోని ఒక బడిలో చదివించారు. తరువాత ఇతర భాషలలోకి మార్చి, 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడులలో చెప్పిస్తున్నారు. తన మాటలు ఇంత దూరం పోయినవని ఆయనకే చాలాకాలం తెలియదనీ, మనుమరాలు పాఠ్యపుస్తకంలో చదువుతుంటే విని తెలుసుకున్నారనీ అంటారు. ఆఫీసు బల్లముందు కూర్చునే మా వంటివారికి ఈ కథ విన్నప్పుడు కొంత గర్వం కలుగుతుంది. మా చిన్నదానికి మాత్రం వేరొక సంగతి పట్టింది. ‘అయితే అది ముందు అవ్వ భాషలోనే ఉండిందా?’ అని రెండుసార్లు అడిగింది.

ఆనాడు మాకు మా చిన్ననాటి చదువు గుర్తుకు వచ్చింది. మాకు ఇంగ్లీషు నేర్పింది బడి వ్యాకరణం కాదు, చందమామ. 1947 జూలైలో మద్రాసునుంచి తెలుగులోనూ తమిళంలోనూ మొదలైన ఆ పత్రికకు 1955లో ఇంగ్లీషు ప్రతి కూడా వచ్చింది. మా నాయన నెలనెలా తెలుగు చందమామ కొనేవాడు. గుడియాత్తంలో పాత కాగితాల అంగడిలో ఇంగ్లీషు చందమామలు దొరికేవి. ఒకసారి మా చేతికి వచ్చిన ఇంగ్లీషు ప్రతిలో తెలిసిన బొమ్మలే కనిపించాయి. అదే కథ! రాజు ఏమన్నాడో, దొంగ ఎలా తప్పించుకున్నాడో తెలుగులో ముందే చదివి ఉన్నాము. తెలిసిన కథ కాబట్టి తెలియని మాట ఎదురైనా భయం వేయలేదు. ఇక్కడ బావి ఉండాలి, ఇక్కడ నక్క ఉండాలి అని ఊహించుకుంటూ పోయేవాళ్ళము. నిఘంటువు తెరవకుండానే కొన్ని వందల మాటలు పట్టుబడినాయి. ఇప్పుడు చందమామ రావటం లేదు. కాని ఆ ఉపాయం పోలేదు.

ఇది మా ఒక్కరి అనుభవమే అయితే ఇంత గట్టిగా చెప్పము. ఫిజీ దీవులలో 1980 ప్రాంతాన ఒక ప్రయోగం జరిగింది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి అక్కడి చెరకు తోటలకు కూలికి పోయినవారిలో మన ఉత్తర ఆర్కాటు జిల్లావారూ ఉన్నారు కాబట్టి, ఆ పేరు మన పెద్దలకు కొత్తది కాదు. అక్కడి పల్లెటూరి పిల్లలకు ఇంగ్లీషు బడి భాషే. ఇంట్లో ఫిజీ భాషో హిందీయో మాట్లాడతారు. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే ఇద్దరు పరిశోధకులు ఎనిమిది పల్లె బడులలో నాలుగు, ఐదు తరగతులవారికి తరగతికి 250 చొప్పున బొమ్మల కథల పుస్తకాలు ఇప్పించి, రోజూ ఇరవై, ముప్పై నిమిషాలు వాటితో గడపనిచ్చారు. కొన్ని తరగతులలో ఉపాధ్యాయుడు కథ చదివి వినిపించి, దానిని గురించి పిల్లలచేత మాట్లాడించాడు, ఆడించాడు. మరికొన్నింటిలో పిల్లలే తమకు నచ్చింది మౌనంగా చదువుకున్నారు. వేరే కొన్ని బడులలో మాత్రం మామూలు పాఠాలే నడిపారు. ఎనిమిది నెలల తరువాత పరీక్షిస్తే, కథల పుస్తకాల పిల్లలు చదివి గ్రహించటంలోనూ, విని గ్రహించటంలోనూ రెట్టింపు వేగంతో ముందుకు పోయినట్లు తేలింది. ఆ ఫలితాలు 1983లో అచ్చయినాయి. మరుసటి ఏటికి ఆ తేడా ఇంకా పెరిగింది.

అయితే 250 పుస్తకాలు మనం ఎక్కడినుంచి తేగలమని అడగవచ్చు. కొననక్కరలేదు. మనం కట్టే ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాము. 1948లో మద్రాసు రాష్ట్రంలో చేసిన గ్రంథాలయ చట్టమే స్వతంత్ర భారతంలో అటువంటి చట్టాలన్నిటిలో మొదటిది. పన్ను కట్టి పుస్తకం తెచ్చుకోకపోవటం రేషను కార్డు ఉండీ బియ్యం వదులుకున్నట్లే. చెన్నైలోని తూలికా వారు ఒకే పుటలో రెండు భాషలూ అచ్చువేసిన బొమ్మల పుస్తకాలు తెస్తున్నారు; వాటిలో తెలుగు, ఇంగ్లీషు కలిసినవీ ఉన్నవి. ఇక ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు తెలుగులోనూ తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఫోనులోనే ఉచితంగా చదువుకోవచ్చు. ఎలాగూ పిల్లలు ఆ ఫోను వదలరు గదా!

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. రాత్రి భోజనాలయిన తరువాత అరగంట. ఒక కథ మేము తెలుగులో చదువుతాము. మా అమ్మ వింటుంది. అదే కథ పిల్ల ఇంగ్లీషులో చదువుతుంది. తప్పు చదివితే మధ్యలో ఆపము. మొదట్లో ఆపేవాళ్ళము, ఆపితే పుస్తకం మూసేసేది. తనకు కావలసిన మాట తానే అడుగుతుంది. మా అమ్మ మాత్రం నడుమ నడుమ, ‘మేం విన్న కథలో ఇట్లా లేదే’ అని తగాదా పెట్టుకుంటుంది. ఆ తగాదాను పిల్ల మరునాడు బడిలో ఇంగ్లీషులో చెప్పిందట. అంతకంటె మంచి వ్యాస రచన మాకు తెలియదు.

చదవటం ఒక ఎత్తు, పదిమందిలో నోరు విప్పటం ఒక ఎత్తు. అది బడిలోనే జరగాలి. మా వీధిలో ఒక నేత ఇంటి పిల్లవాడు ఉన్నాడు. ప్రభుత్వ బడిలో తమిళ మాధ్యమం. వాళ్ళమ్మ గుడియాత్తంలో అగ్గిపెట్టెల కంపెనీకి పనికి పోతుంది. ఆమె తెచ్చే అగ్గిపెట్టెల మీది ఇంగ్లీషు మాటలు, పెద్ద రోడ్డుమీద బెంగుళూరు వైపు పోయే లారీల వెనకాతల వ్రాసిన మాటలు వాడు ఒక నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. వాడి ఉపాధ్యాయుడు అది చూసి, రోజూ ఉదయం బడిలో ఒక ఇంగ్లీషు వార్త నల్లబల్లమీద వ్రాసి చదివే పని వాడికి అప్పగించారు. ఒక్క వాక్యమే. ‘మొదట్లో కాళ్ళు వణికినాయి. ఇప్పుడు లేటయితే వేరేవాడు వ్రాసేస్తాడని పరుగెత్తుతున్నాను’ అని మాతో అన్నాడు. జీతం ఎక్కువ కట్టే బడిలో మా పిల్ల ఆగిపోయింది. జీతం లేని బడిలో వాడు పరుగెత్తుతున్నాడు. వాడికి ఒక పని ఇచ్చి, తప్పులు చేయనిచ్చినవారు ఉన్నారు. తేడా అక్కడే ఉన్నదని మాకు తోచింది.

మా చిన్నదానికీ అటువంటి అవకాశమే వచ్చింది. బడి సాహిత్య సభలో కుందేలు సింహాన్ని బావిదగ్గరకు తీసుకుపోయిన కథను ఇంగ్లీషులో ఆడారు. దీనికి కుందేలు వేషం. చెప్పవలసినవి ఎనిమిది వాక్యాలే. కథ అవ్వ చెప్పగా ఎన్నోసార్లు విన్నదే కావటంవల్ల, ఆరో వాక్యం మరచిపోయి సొంతంగా ఏదో కల్పించి చెప్పిందట. ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ సంగతి చెప్పుకొని ఇంటిల్లిపాదికీ నవ్వు తెప్పించింది. మాకు ఆ సొంత వాక్యమే బహుమతికంటె ఎక్కువగా తోచింది.

ఇంట్లో తెలుగు ఉంటే ఇంగ్లీషు అంటదని ఇంకా అనేవారు మనలో ఉన్నారు. 1888లో తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తిరుపతిలో బడి చదువు చదివి, మన వేలూరు ఊరీస్ కాలేజీలో చేరి, అక్కడినుంచి మద్రాసు క్రైస్తవ కళాశాలకు పోయారు. 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యులయినారు. అందరు పిల్లలూ రాధాకృష్ణన్‌లు కారు, కానక్కరలేదు కూడా. ఇంటి తెలుగు ఆయన ఇంగ్లీషుకు అడ్డం రాలేదన్నంతవరకే మా మాట.

ఈ జనవరి 26న బడిలో ప్రతిజ్ఞ చెప్పటానికి ఎవరు ముందుకు వస్తారని అడిగితే మా చిన్నది చేయి ఎత్తింది. మా అమ్మను కూడా తీసుకొని వెళ్ళాము. ఒకచోట మాట తడబడింది. ఆగి, ఊపిరి పీల్చుకొని, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చెప్పి ముగించింది. మా అమ్మ మా చెయ్యి తట్టి, ‘తోబుట్టువుల మాట అయిపోయిందా?’ అని అడిగింది. అయిపోయిందని చెప్పాము. ‘బాగానే చెప్పింది’ అన్నది.

సంఘ కుటుంబాలకు ఒక మనవి. మీ ఇండ్లలో అటకమీద పాత చందమామలు, పిల్లల కథల పుస్తకాలు, ఏ భాషలోవైనా సరే, ఉంటే వచ్చే సమావేశానికి తీసుకురండి. ఒక బీరువా మేము సంపాదించి పెట్టాము. ఇంతవరకూ అందులో పదకొండు పుస్తకాలే ఉన్నాయి.