నురుగు శుభ్రతకు కొలమానమా?

వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే స్త్రీల చేతులు చూశారా? పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాల్చి నల్లబరుస్తుంది. ఆ మరకలను సబ్బుపొడి నురుగుతో పదేపదే రుద్దడం పుండు మీద కారం చల్లడమే. నురుగునిచ్చే సోడియం లారిల్ సల్ఫేటు, దాని దాయాదులు మురికితోపాటు చర్మాన్ని కాపాడే కొవ్వునూ కడిగివేస్తాయి. చర్మానికి కావాలని మంట పుట్టించి పరిశీలించదలచినప్పుడు పరిశోధకులు పూసేది ఈ సల్ఫేటునే! అయినా ప్రకటనలు నురుగునే శుభ్రతగా అమ్ముతున్నాయి. దీనివల్ల క్యాన్సర్ వస్తుందని బెదిరించి ‘సల్ఫేటు రహిత’ షాంపూలు అంటగట్టేవారిదీ వ్యాపారమే. ఆ బెదిరింపుకు ఆధారం లేదు. (కుంకుడు రసం మాత్రం కళ్లను మండించదా?) ఒలుపుకు ముందు చేతులకు ఆముదం, తొడుగులు, తరువాత ధారాళంగా మంచినీళ్లు కావాలి. వాటిని సమకూర్చవలసినది కూలి ఇచ్చే యజమానులే.