ట్రాక్టరుకు బీమా ఉంది, ట్రాలీలో కూర్చున్న కూలీకి లేదు

మిరప కోతలు మొదలైతే మా ఊళ్ళో తెల్లవారుజామున అయిదింటికే ట్రాక్టర్ల మోత. పక్క ఊళ్ళ నుంచి ముప్పై, నలభై మంది కూలీలను ట్రాలీలో ఎక్కించుకుని చేలకు తేవాలి. చీకటి పడ్డాక మళ్ళీ దింపి రావాలి. ఆ వేళకు బస్సు ఉండదు. అన్ని ఆటోలకు కిరాయి పెట్టుకోలేం. బండి పంపనంటే కూలీలు రారు. తప్పని తెలిసీ మనమందరం చేస్తున్న పనే ఇది. నేనూ చేశాను.

ఆరేళ్ళ కింద మా పెద్దనాన్న కొడుకు ట్రాక్టరు అట్లాగే వస్తూ కాలువ కట్ట మీద తిరగబడింది. ఒక ఆడకూలీ అక్కడికక్కడే చనిపోయింది. నలుగురికి కాళ్ళూ చేతులూ విరిగాయి. మా అన్న దగ్గర బీమా కాగితం ఉంది, గడువూ దాటలేదు. "భయపడకు అన్నా, కంపెనీ చూసుకుంటుంది" అని ధైర్యం చెప్పింది నేనే. కంపెనీ వకీలు కోర్టులో ఒక్కటే మాట చెప్పాడు: ఈ పాలసీ వ్యవసాయ పనులకే, మనుషులను ఎక్కించడానికి కాదు. పరిహారం భారం అన్న మీద పడింది. ఎకరన్నర అమ్మి కట్టాడు. ఆ డబ్బు చేతికి రావడానికి చనిపోయిన ఆమె పిల్లలు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. రెండు కుటుంబాలూ నష్టపోయాయి. ప్రీమియం తీసుకున్న కంపెనీకి మాత్రం ఏమీ కాలేదు.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. ట్రాక్టరు ట్రాలీలో వెళ్తూ చనిపోయిన ఒక కూరగాయల వ్యాపారి కేసులో, బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. వ్యవసాయ ట్రాక్టరు సరుకు రవాణా బండి కిందికి రాదన్నది. మడ్‌గార్డు మీద కూర్చున్నవారి విషయంలోనూ కంపెనీలు చెప్పేది ఇదే. ఒక్కోసారి ముందు కంపెనీని కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు అంటాయి. అప్పుడు బాధితులకు డబ్బు త్వరగా అందుతుంది, కానీ చివరికి పోయేది మన పొలమే.

కాబట్టి ఈ నెలలోనే మీ కాగితాలు తీసి చూడండి. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. ఇంజను నంబరు ఒక్కటే పాలసీలో ఉంటే చాలదు, ట్రాలీ కూడా ఉండాలి. జీతానికి పెట్టుకున్న డ్రైవరు ఉంటే అతని కోసం అదనపు ప్రీమియం కట్టండి. వ్యవసాయ పాలసీ పెట్టుకుని ఇసుక, ఇటుక కిరాయికి తోలితే కంపెనీకి సాకు మనమే అందించినట్టు. లైసెన్సు సంగతిలో మాత్రం కాస్త ఊరట దొరికింది. 7,500 కిలోల లోపు బండికి లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఇక పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5 శాతానికి దిగింది. మంచిదే. కానీ ట్రాక్టరు కొనేది పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఒకసారి, డీజిలు పోసేది రోజూ. ఆ డీజిలు ఇంకా జీఎస్టీ బయటే ఉండి కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాట్ రెండూ మోస్తోంది. వ్యాపారి తన బండి ఖర్చును లెక్కలో చూపి ఆదాయపు పన్ను తగ్గించుకుంటాడు. మనం ఎక్కడ చూపాలి? పంట ధరలోనే రావాలి, అది రావడం లేదు. జీవిత, ఆరోగ్య బీమా వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ అదే రోజు ఎత్తేశారు. రైతు ట్రాక్టరు బీమాకు ఆ మినహాయింపు ఎందుకు లేదు?

మనుషులను ట్రాలీలో ఎక్కించడమే చట్టవిరుద్ధం, దానికి బీమా అడగడమేమిటని అధికారులు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అయితే కోతల కాలంలో ఉదయం, సాయంత్రం ఆర్టీసీ బస్సు నడపండి, ట్రాలీ ఎక్కించడం మేమే మానేస్తాం. బస్సూ ఇవ్వక, బీమా కూడా ఇవ్వకపోతే కూలీ ప్రాణానికి జవాబుదారీ ఎవరు? తెలంగాణలో రైతుబీమా అయిదు లక్షలు ఇస్తుంది, కానీ అది పట్టా ఉన్నవారికే. ఆ పథకంలో కూలీలనూ చేర్చాలి. ట్రాక్టరు పాలసీలో కూలీలకు కవరు అమ్మడం కంపెనీలకు తప్పనిసరి చేయాలి. సంఘం ఈ రెండూ గట్టిగా అడగాలి.

అవి వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ప్రధానమంత్రి సురక్ష బీమాకు ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ళ మధ్య వయసు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి. నలభై మందికి 800 రూపాయలు, ఒక గంట రోటవేటరు కిరాయి కూడా కాదు. ఇది కట్టినంత మాత్రాన కోర్టులో మన బాధ్యత పోదు. కానీ ఆ ఇంట్లో పిల్లలకు వెంటనే ఏదో ఒక ఆసరా ఉంటుంది. ఈ సీజనుకు మా చేనుకొచ్చే కూలీలందరికీ నేను కట్టించాను. మీరూ కట్టించండి.