దాలార్నా: గని మూతపడినా వెలవని ఎరుపు

ఈ నెల మా శీర్షిక పాఠకులను స్వీడన్ దేశానికి తీసుకొని వెళుతున్నది. ఆ దేశపు నడిమి భాగాన, పడమట నార్వే సరిహద్దును ఆనుకొని ఉన్న ప్రాచీన మండలం దాలార్నా. ఆ పేరుకు ‘లోయలు’ అని అర్థం. తూర్పు, పడమటి దాల్ నదులు రెండూ ఇక్కడనే సంగమించి సముద్రం వైపు సాగుతాయి. సిల్యాన్ సరస్సు సుమారు 38 కోట్ల సంవత్సరాల క్రితం ఉల్క పడి ఏర్పడిన బిలపు అంచున ఉన్నది.

1634లో స్వీడన్ పాలన జిల్లాల పరమైనది. నాటి నుండి మండలాలకు అధికారం లేదు. అయినా ప్రజల అభిమానంలో అవి చెక్కుచెదరలేదు. దాలార్నా చిహ్నం నీలి పలకపై ఒకదానిపై ఒకటి అడ్డంగా నిలిచిన రెండు బంగారు బాణాలు, వాటిపైన కిరీటం. బాణాల మొనలు వెండివి. డెన్మార్క్ రాజు రెండవ క్రిస్టియన్‌పై 1521లో తిరుగుబాటు లేవదీసి, గుస్తావ్ వాసాకు అండగా నిలిచినవారు ఈ లోయల రైతులు, గని పనివారు. 1523లో ఆయన రాజైనాడు.

ఆ గని ఫాలూన్ పట్టణంలోని రాగి గని. అందులో ఎనిమిదవ వంతు వాటాను ప్రస్తావించే పత్రం 1288 నాటిది. 17వ శతాబ్దంలో ఐరోపా రాగిలో అధిక భాగం ఇక్కడి నుండే వెళ్ళేది. 1687లో గని లోపలి గోడలు కూలి పెను గొయ్యి ఏర్పడినది. అది నడివేసవి పండుగ సెలవు కావడం వలన గనిలో ఎవరూ లేరు. ఒక్క ప్రాణమూ పోలేదు. గనిలో భర్తలు, బిడ్డలు పనిచేసిన ఇళ్ళలో ఆనాటి నిట్టూర్పు ఎటువంటిదో మన కుటుంబాలకు వివరించి చెప్పనవసరం లేదు.

1992 డిసెంబరులో గని మూతపడినది. గనిని బట్టి ‘కొప్పర్‌బెర్గ్’, అనగా రాగికొండ, అని పిలువబడుతూ వచ్చిన జిల్లా 1997లో దాలార్నా అనే పాత పేరునే స్వీకరించినది. ఆ జిల్లా చిహ్నమూ ఆ రెండు బాణాలే. 2001లో యునెస్కో ఈ గని ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినది.

అయితే గని పూర్తిగా మౌనం వహించలేదు. త్రవ్వి పారవేసిన రాళ్ళ గుట్టలలోని ఇనుప ఆక్సైడు నుండి ‘ఫాలూన్ ఎరుపు’ అనే రంగు నేటికీ తయారవుతున్నది. ఆ పొడిని నీరు, పిండి, అవిసె నూనెలతో ఉడికిస్తారు. స్వీడన్ పల్లెల్లోని కొయ్య ఇళ్ళు ఎర్రగా కనిపించడానికి కారణం ఇదే.

రాగి కోసం త్రవ్వినవారు పనికిరాదని పక్కన పోసినదే నేడు లక్షల గోడలను ఎండ నుండి, మంచు నుండి కాపాడుతున్నది. మన పనిస్థలాలలో వ్యర్థమని కుప్ప పోస్తున్న వాటిని మరొకసారి పరిశీలించడం మేలని మేము భావిస్తున్నాము.