ప్రతి అంగన్‌వాడీకీ మరో టీచర్ కావాలి

పొద్దున తలుపు తీసింది మొదలు అంగన్‌వాడీ టీచర్‌కు ఊపిరాడదు. పిల్లల బరువు తూచాలి, గుడ్లూ పాలూ లెక్కచూసి పంచాలి, గర్భిణులు, బాలింతల వివరాలు రాయాలి, అవన్నీ పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. వీటి మధ్యే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పాలి. పని ఎక్కువైన రోజున ఆగిపోయేది ఆ చదువే.

ఇది చిన్న నష్టం కాదు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. మాటలు పేర్చడం, కోపాన్ని ఆపుకోవడం, తోటివాళ్లతో కలిసి ఆడటం ఈ వయసులోనే కుదురుకుంటాయి. ఆ తర్వాత మనిషి నేర్చుకోలేడని కాదు, ముసలితనంలోనూ నేర్చుకుంటాడు. కానీ ప్రతి దశా అంతకుముందు దశలో కూడబెట్టుకున్నదాని మీదే నడుస్తుంది.

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1986-87లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికో గంట వెళ్లి, ఇంట్లో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లులకు నేర్పారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ సాయం అందని వారికంటే వీరి సంపాదన 25 శాతం ఎక్కువ.

దారి మన పొరుగునే ఉంది. తమిళనాడులో 320 అంగన్‌వాడీల్లో జరిగిన పరిశోధనలో, కొన్ని కేంద్రాలకు చదువు చెప్పడం కోసమే సగం పూట పనిచేసే మరో కార్యకర్తను ఇచ్చారు. అక్కడ బోధన సమయం రెట్టింపైంది. ఏడాదిన్నర తిరిగేసరికి లెక్కల్లో, భాషలో పిల్లలు మెరుగయ్యారు. పాత టీచర్‌కు పోషణ పనికి తీరిక దొరకడంతో, కేంద్రంలో కొనసాగిన పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారి శాతమూ తగ్గింది.

చట్టం మాత్రం ఈ వయసును గడప బయటే నిలబెట్టింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్లవారికి చదువును ప్రాథమిక హక్కు చేసింది. అంతకంటే చిన్నవారిని 45వ అధికరణ కింద ఆదేశిక సూత్రానికి వదిలేసింది. ఆ సూత్రం అమలు కాకపోతే కోర్టులో నిలదీసే వీలు తల్లిదండ్రులకు లేదు.

అందుకే ఈ డిమాండ్లు:

1. ప్రతి అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య కోసమే శిక్షణ పొందిన రెండో టీచర్‌ను నియమించాలి.
2. ఆ టీచర్‌కు సర్వేలు, రిజిస్టర్ల పని అప్పగించకూడదు.
3. విద్యాహక్కు మూడో ఏటి నుంచే వర్తించేలా రాజ్యాంగాన్ని, చట్టాన్ని సవరించాలి.

తల్లిదండ్రులు రాబోయే గ్రామసభలో ఈ మూడింటినీ తీర్మానంగా పెట్టించి, దాని ప్రతులను కలెక్టర్‌కూ ఎమ్మెల్యేకూ ఎంపీకీ అందజేయాలి.